ఒంటిచేతి కంప్యూటర్

కంప్యూటర్ గురించి నాకు తెలిసింది సున్న. అయినా మా చుట్టాల్లో ఎవరికి దాని మీద సందేహం వచ్చినా నా దగ్గరికే వస్తారు. ప్రొద్దుటూరులో నేను టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతుండడమే దానికి కారణం. టైపు మిషనుకు టీవీ అతికిస్తే కంప్యూటర్ అవుతుందని మావాళ్ళ నమ్మకం. కాదని వివరించి చెప్పేంత తెలివి నాకూ లేదు కాబట్టి, పెద్దరికం పోకుండా మూతి బిగించి తలాడిస్తుంటాను.

ఎన్నికలు ఇంకో ఏడాది ఉన్నాయనగా మా అక్క అన్నమ్మ కొడుకు పేతురు పొద్దున్నే బస్సు దిగి వచ్చాడు. వాళ్ళది జమ్మలమడుగు దగ్గర పల్లె. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. అది ఎప్పుడూ జేబులోనే ఉంటుంది.

"మామా, నాకొక కంప్యూటర్ కొనియ్యాల. దుడ్లు మాయమ్మ ఇస్తాది, బర్రెను అమ్మింది. నీ తెలివి నువ్వియ్యి" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ వాడి మొహం చూసి ఆపుకున్నాను. వాడి కుడిచేతికి బొటనవేలూ సగం అరచెయ్యీ తప్ప ఏమీ మిగల్లేదు. కిందటి పంచాయతీ ఎన్నికలప్పుడు వాళ్ళ ఊరి పెద్దాయన కొట్టంలో ఏం చుడుతుంటే చెయ్యి పోయిందో ఊరందరికీ తెలుసు. ఆసుపత్రి కాగితంలో మాత్రం బావి తవ్వుతుంటే తూటా పేలిందని ఉంది. అప్పటినుంచి పెద్దాయన ఇంట్లోనే రెండు పూటలా తిండి. ఆయన జీపు ఎక్కడికి పోతే వెనక సీట్లో వీడు. సేద్యం చేయలేడు, స్టీరింగు పట్టలేడు, ఊరికే కూర్చుంటాడు.

"ఆడ తిండి బాగనే పెడ్తాండారు గదరా" అన్నాను, పుండు మీద కారం చల్లినట్టు. నా నోరు అంతే.

"అదే మామా భయం. ఎన్నికలు వస్తాండాయి. ఏదో ఒకటి జరుగుతాది, కేసు పడ్తాది. చేసినోడు పోడు గదా, నాలాంటోన్ని పంపుతారు. చేతనైనోన్ని పంపుకుంటే వాళ్ళకు నష్టం. నన్ను పంపితే తిండి కూడా మిగులుతాది."

అందులో అబద్ధం లేదు. మా దిక్కు కేసుల సంగతి తెలిసిన ఎవడైనా అదే చెబుతాడు. పెద్దాయన వర్గమైనా, అవతలి వర్గమైనా, రెండు తట్లా అంతే. ఒకడు నరుకుతాడు, ఇంకొకడు లొంగిపోతాడు. లొంగిపోయేవాడి ఇంటికి బియ్యం మూట వస్తుంది, వాడు వచ్చేసరికి పిల్లలు వాణ్ణి గుర్తుపట్టరు.

"టవున్లో ఒక అంగడి పెట్టుకుంటే, అర్జీలు గిర్జీలు కొట్టుకుంటా బతికితే, ఆయన తిండి తినేది ఆగిపోతాది మామా. తిండి ఆగితే ఆయన మనిషిని కాను. ఆయన్ను అడిగితి, సరే పో అన్నాడు."

టైపు మిషను మీద వాడిని కూర్చోబెట్టి చూశాను. బరువైన మీటలు, క్యారేజీ తోయడానికి రెండో చెయ్యి, పాపం చెమటలు కక్కాడు. కంప్యూటర్ మీటలు మెత్తగా ఉంటాయని వాడు ఎక్కడో చూసొచ్చాడట. వాడికి కావలసింది అదొక్కటే.

పులివెందులలో ఒక చీనీకాయల, అదే బత్తాయిల, వ్యాపారి పాత కంప్యూటర్ అమ్ముతున్నాడని తెలిసి మొదట అక్కడికి పోయాం. గోడౌనులో గోనెసంచుల మధ్య, పసుపుపచ్చ గుడ్డ కింద ఉంది. మనిషి మర్యాదస్తుడు. చీనీరసం ఇప్పించాడు, కంప్యూటర్ ఆన్ చేసి చూపించాడు, బంగారంలా పనిచేస్తుందన్నాడు. అంతా అయ్యాక, ధర చెప్పే ముందు, "యా ఊరప్పా మీది?" అన్నాడు.

పేతురు చెప్పాడు.

"ఆడ ఎవరి తట్టు?"

నేను అడ్డుపడ్డాను. "మాది ఏ తట్టూ కాదన్నా. నేను ప్రొద్దుటూరులో టైపు నేర్పిస్తాండా."

"నిన్ను కాదప్పా అడిగింది. పిల్లోని చెయ్యి చూస్తే తెలుస్తాండ్లా?" అని ఆయన గుడ్డ తీసి మళ్ళీ కంప్యూటర్ మీద కప్పాడు. "కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నా కాయలు రెండు తట్లా పోవాల. ఇది చెడిపోయిందనుకోండి."

ఒక నిమిషం క్రితం బంగారంలా పనిచేసిన వస్తువు అంతలోనే చెడిపోయింది. నాకు ఒళ్ళు మండింది. చెడామడా తిట్టాలనిపించింది గానీ ఆయన ఇచ్చిన రసం ఇంకా కడుపులోనే ఉంది. తిరుగు బస్సులో పేతురు కిటికీ వైపు చూస్తూ, "రసం గ్లాసు ఎడం చేత్తో తీసుకునింటే సరిపోయేది మామా, మరిసి రెండు చేతులూ చాపితి" అన్నాడు. మిగిలిన దారంతా నిద్ర నటించాను.

ఇక పాతవి వద్దనుకున్నాం. ప్రొద్దుటూరులోనే, బంగారు అంగళ్ళ వెనక సందులో నూరుల్లా అని ఒకతను విడిభాగాలు తెచ్చి కంప్యూటర్లు బిగిస్తాడు. కంపెనీవాటి కంటే చవక. అతను ఏ ఊరని అడగలేదు, ఎవరి తట్టని అడగలేదు. "దీంతో ఏం పని చేస్తావప్పా?" అని అడిగాడు. ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న అడిగినవాడు అతనొక్కడే.

నేను మాత్రం పెద్దరికం చూపించుకున్నాను. టీవీ సైజు ఎంత, మెమరీ ఎంత అని గట్టిగా అడిగాను. అతను చెప్పిన జవాబు అర్థం కాక, "తక్కువే" అన్నాను. నూరుల్లా నవ్వి ఊరుకున్నాడు.

పేతురు టీవీ వైపు చూడనేలేదు. కీబోర్డులన్నీ బల్ల మీద పరిపించాడు. ఒక్కొక్కదాని ముందు కూర్చుని, కుడిచేతి బొటనవేలు షిఫ్టు మీట మీద పెట్టి, ఎడమచేతి వేళ్ళను అటూఇటూ పరుగెత్తించి చూశాడు. తెలుగులో షిఫ్టు నొక్కకుండా సగం అక్షరాలు పడవు. రెండు చేతులున్నవాళ్ళకే అది తలనొప్పి. కొత్తవాటిలో ఒక్కటీ వాడికి నచ్చలేదు. చివరికి నూరుల్లా తను వాడుకునే కీబోర్డే పీకి ముందర పెట్టాడు. అక్షరాలు సగం అరిగిపోయాయి గానీ షిఫ్టు మీట పెద్దది, మెత్తగా దిగుతుంది. వాడు దాని మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. జేబులోంచి ఆ చెయ్యి అంతసేపు బయట ఉండడం అదే మొదటిసారి చూశాను.

"ఇదే కావాల మామా."

"తీసుకోప్పా, దానికి దుడ్లేం వద్దు" అన్నాడు నూరుల్లా.

చివరికి వచ్చేసరికి చిక్కొచ్చింది. ప్రింటరూ, యూపీఎస్సూ రెండూ కొనడానికి బర్రె చాల్లేదు. యూపీఎస్ అంటే కరెంటు పోయినా కంప్యూటర్‌ను కాసేపు నిలబెట్టే పెట్టె. నూరుల్లా అదే ముందు తీసుకోమన్నాడు.

"ప్రింటర్ లేకుంటే కాగితం రాదు, కాగితం రాకుంటే కూడు రాదు. ఆ పెట్టె తర్వాత చూద్దాం" అని నేను తీర్పు చెప్పాను.

"మీ ఇష్టం. కరెంటు పోతే కొట్టిందంతా గాలికి పోతాది. ఒక్కొక్క వరసకూ సేవ్ చేసుకుంటా ఉండాలప్పా" అని పేతురుకు ఆ మీటలు చూపించాడు.

"పోతే పోనీలే అన్నా, మళ్ళీ కొడ్తా. నాకు కొట్టేదే గదా పని" అన్నాడు వాడు నవ్వుతూ.

ఆ ఎండాకాలమంతా కంప్యూటర్ మా ఇన్‌స్టిట్యూట్‌లో ఒక మూల ఉంది. నేను అక్షరాలు నేర్పాను, నూరుల్లా మిగతాది నేర్పాడు. వాడు ఎంత నేర్చాడంటే, వానలు మొదలయ్యేసరికి రెండు చేతుల నా విద్యార్థుల కంటే వేగంగా కొట్టేవాడు. ఒక వరస కొట్టడం, సేవ్ చేయడం, ఇంకో వరస, మళ్ళీ సేవ్. అన్నం తింటూ కూడా వాడి ఎడమచేతి వేళ్ళు ఆ రెండు మీటలూ నొక్కుతున్నట్టు కదిలేవి.

జమ్మలమడుగులో అంగడికి చోటు కూడా నేనే వెతికాను. బజారు వీధి ఒక తట్టువాళ్ళది, బస్టాండు దిక్కు ఇంకో తట్టువాళ్ళది. అందుకని చర్చి కాంపౌండు గోడకు ఆనుకున్న గది తీసుకున్నాం. దేవుడి గోడకు తట్టు లేదు గదా అని నా తెలివి. ప్రారంభానికి మా పాస్టరు దాసయ్య అయ్యగారిని పిలిచాం. ఆయన ప్రార్థన చేసి స్విచ్చి నొక్కాలి, అందరం నిమ్మనీళ్ళు తాగి ఇంటికి పోవాలి. అంతే ఏర్పాటు.

అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకున్నారో లేదో బయట బండ్లు ఆగిన చప్పుడైంది. ఒకటి కాదు, నాలుగైదు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. తెల్ల చొక్కాలు దిగుతున్నాయి. మధ్యలో పెద్దాయన.

మా అక్క వైపు చూశాను. ఆమె తల దించుకుంది. అప్పుడర్థమైంది.

మా పల్లెల్లో బోరు వేసినా, ట్రాక్టరు తెచ్చినా, పిండి మర పెట్టినా మొదటి స్విచ్చి పెద్దాయన నొక్కాలి. ఎవరూ ఇది చట్టమని చెప్పరు. నొక్కినదంతా ఆయనదని ఎక్కడా రాసి ఉండదు. కానీ ఫలానా బోరు ఎవరిదని అడిగితే, డబ్బు పెట్టినవాడి పేరు ఎవరూ చెప్పరు. మా అక్క పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి చూసిందదే. కొత్త మిషను వచ్చింది, పెద్దాయనను పిలిచింది. మిషను కాబట్టి పిలిచింది. కొడుక్కి పెళ్ళి కుదిరి ఉంటే పాస్టరుతో సరిపెట్టేదేమో.

అయ్యగారు ప్రార్థనను ఎక్కడో మధ్యలో పట్టుకుని ఆమేన్ అనేశారు. "రండి, రండి, మీ చేతుల మీదుగానే" అంటూ స్వయంగా చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చారు. ఆయన్ను అనడానికి నాకు నోరు లేదు. పెద్దాయన కూర్చుంటారని కుర్చీని నా భుజం మీది తువ్వాలుతో తుడిచింది నేనే.

పెద్దాయన స్విచ్చి నొక్కాడు. మోటరయితే వెంటనే మొరుగుతుంది, కంప్యూటర్‌కు అంత తొందర ఉండదు కదా. నల్లటి టీవీ ముందు ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన నొక్కితే వెలగకపోవడమా! ఎవరి ప్రాణం పోతుందో అన్నంత భయం. చివరికి వెలుగు వచ్చింది. బయట టపాకాయలు పేలాయి. పేతురు ఒక్కసారి ఉలిక్కిపడి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"మన పిల్లోడు. చెయ్యి పోయినా ధైర్యం పోలే" అని పెద్దాయన వాడి వీపు తట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

జనం పోయాక మా అక్క మీద విరుచుకుపడ్డాను. "ఎవరు చెప్పిరి నీకు పిలవమని? ఇంత జాగర్తగా కట్టిందంతా నాశనం చేస్తివే!"

ఆమె గ్లాసులు కడుగుతూ తల ఎత్తలేదు. "పిలవకుంటే పొద్దున లేసి ఆయన మొగం చూసేది నువ్వా నేనా? నీకేమప్పా, బస్సెక్కి పోతావు" అంది.

అన్నట్టే బస్సెక్కి వచ్చేశాను.

ఆ తర్వాత నేను పోయినప్పుడల్లా అంగడి కొంచెం కొంచెంగా మారుతూ వచ్చింది. అవతలి తట్టు ఊళ్ళవాళ్ళు గుమ్మం దాకా వచ్చి, స్విచ్చి నొక్కింది ఎవరో గుర్తొచ్చి, పక్క వీధికి పోయేవాళ్ళు. ఏ తట్టూ కానివాళ్ళు ఎందుకొచ్చిన గొడవ అని వాళ్ళ వెనకే పోయేవాళ్ళు. మిగిలింది పెద్దాయన పనే. కరపత్రాలు, ఓటరు చీటీలు, అర్జీలు. దానికి డబ్బెవరు అడుగుతారు? మొదట్లో పేతురు ఇంటినుంచి సద్ది తెచ్చుకునేవాడు. ఒకరోజు పోతే బల్ల మీద స్టీలు క్యారియర్ కనిపించింది. పెద్దాయన కుడిభుజం లాంటి బాలన్న పంపాడట. "ఆయప్ప పని చేస్తాండావు, ఆయప్ప తిండే తిను" అన్నాడట.

పేతురు ఆ క్యారియర్ వైపు చూసి నా వైపు చూశాడు.

ఎన్నికలు వచ్చాయి. పోలింగు రోజు వాళ్ళ ఊరి దారిలో రెండు తట్లకూ కొట్లాట పడింది, అవతలి మనిషి ఒకడు కొడవలి వేటుకు చచ్చిపోయాడు. ఆ రోజు పేతురు తెల్లవారినప్పటినుంచి అంగడిలో ఓటరు చీటీలు కొడుతూనే ఉన్నాడు. వీధి వీధంతా చూసింది. నేను ఫోను చేస్తే, "నేను ఈడనే ఉండా మామా, అందరూ చూసినారు" అన్నాడు, రెండుసార్లు.

వారం గడిచాక ప్రింటరు ఇంకు ఇవ్వడానికి జమ్మలమడుగు పోయాను. మధ్యాహ్నం. నేను కూర్చున్న కాసేపటికి బాలన్న వచ్చాడు. నాకు నమస్కారం పెట్టాడు, బాగున్నావా అప్పా అని అడిగాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఒక అర్జీ కొట్టాల పేతురూ. రేపు పిల్లోళ్ళు కోర్టులో లొంగిపోతారు, వకీలు పేర్లు కొట్టుకోని రమ్మన్యాడు."

ఒక్కొక్క పేరూ, తండ్రి పేరూ, వయసూ చెప్పసాగాడు. పేతురు కొడుతున్నాడు. ఆ పేర్లలో కొందరిని నేను ఎరుగుదును. ఒకడికి చూపు సరిగా లేదు. ఒకడు పొద్దున్నే తాగితే సాయంత్రం దాకా లేవడు. ఒకాయన ముసలివాడు, దగ్గు. చేసినవాళ్ళ పేరు ఒక్కటి లేదు. పేతురు మొహం చూడడానికి భయమేసి వాడి వేళ్ళనే చూస్తున్నాను.

అప్పుడు గమనించాను. వాడు సేవ్ చేయడం లేదు. అన్నం తింటూ కూడా ఆ మీటలు నొక్కేవాడు, ఒక్క వరసకూ నొక్కలేదు.

"ఇంగ ఆఖరుది" అని బాలన్న గొంతు సవరించుకున్నాడు. "నీ పేరే. తండ్రి పేరు నీకు తెలుసు గదా, ఏసుకో."

మీటల చప్పుడు ఆగింది.

"బాలన్నా, వానికి చెయ్యే ల్యాకపాయె!" అన్నాను. "కొడవలి ఎట్ల పట్టుకుంటాడు? ఆ పొద్దంతా ఈడనే ఉన్యాడు, వీధంతా చూసింది!"

బాలన్న కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "తెలుసప్పా. అందుకే పెద్దాయన ఈని పేరు చెప్పినాడు. చెయ్యి లేనోడు నరికినాడంటే జడ్జి నమ్మడు, తొందరగా బయటికి వస్తాడు. మంచికే. అంగడి మేం చూసుకుంటాం, మీ అక్కకు ఏం తక్కువ కానీం."

పేతురు ఎడమచెయ్యి కదిలింది. కుడి బొటనవేలు షిఫ్టు మీదికి వచ్చింది. వాడి పేరు టీవీ మీద ఒక్కో అక్షరం పడింది. వాళ్ళ నాయన పేరు పడింది. అంతలో ఫ్యాను నెమ్మదించింది, టీవీ ఒక్కసారిగా నల్లబడింది.

కరెంటు పోయింది.

"ఏమాయ?" అన్నాడు బాలన్న.

"పోయిందన్నా. కొట్టిందంతా పోయింది." పేతురు ఆ మాట అంటూ నా వైపు చూశాడు. వాడి కళ్ళలో నవ్వు. ఆ యూపీఎస్ పెట్టె కొననివ్వకుండా తీర్పు చెప్పిన నా మూర్ఖత్వానికి, నా జన్మలో మొదటిసారి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను.

బాలన్న విసుక్కోలేదు. "వస్తాదిలే" అని బీడీ తీసుకుని బయట చూరు కింద నిలబడ్డాడు.

నేను పేతురు చెవి దగ్గరికి వంగాను. "రేయ్, కాంపౌండు వెనక గేటుంది. బస్సు దొరుకుతాది. ప్రొద్దుటూరు వద్దు, నూరుల్లా చుట్టాలు బళ్ళారిలో ఉండారు, ఆడికి పో. లెయ్."

వాడు లేవలేదు. వెనక గేటు వైపు ఒక్కసారి చూశాడంతే.

"మాయమ్మ ఊర్లో ఉండాది మామా" అన్నాడు.

ఇద్దరం చీకటి టీవీ ముందు కూర్చున్నాం. మా దిక్కు కరెంటు పోతే ఒక్కోసారి పొద్దుగూకే దాకా రాదు. ఈ రోజు రావద్దు, రేపు కూడా రావద్దు అని ప్రార్థించాను. అంతకు మించి నాకేం చేతనవుతుందో ఎంత ఆలోచించినా తట్టలేదు. బీడీ వాసన లోపలికి వస్తోంది. గోడ అవతల బడి పిల్లలు ఏదో పాట పాడుతున్నారు.

ఫ్యాను రెక్క కదిలింది. ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు.

బాలన్న బీడీ నలిపి లోపలికి వచ్చాడు. "వచ్చెనే. పాపం, ఇంత పనీ పాయె గదా నీకు" అన్నాడు. నిజంగానే జాలిపడ్డాడు.

పేతురు వంగి స్విచ్చి నొక్కాడు. టీవీ నిదానంగా వెలిగింది.

"పోనీలే అన్నా, మళ్ళీ కొడ్తా" అన్నాడు.

బాలన్న మళ్ళీ మొదటినుంచి చెప్పసాగాడు. ఈసారి పేతురు ఒక్కొక్క పేరుకూ ఆగి సేవ్ చేసుకుంటూ పోయాడు. తన పేరుకు కూడా.